ధర్మవరం దారిలో ఇద్దరు విదేశాంగ మంత్రులు

నా పెళ్లిచీర ఇంకా మగ్గం కూడా ఎక్కలేదని ధర్మవరం వైపు నుంచి కబురొచ్చినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. అరవైల మొదట్లో సంగతిది. అప్పుడు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. పెళ్లి నెల్లోపే. పైగా సెలవు నుంచి రాగానే బ్రిటన్ విదేశాంగ కార్యదర్శి పదవి గురించి పాఠం మొదలుపెట్టాలి. పేరుకే కార్యదర్శి గానీ ఆయన మంత్రే, అదీ పెద్ద మంత్రి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కొందరు తర్వాత ప్రధానులయ్యారు, కొందరు ప్రధానితో పడక రాజీనామా ఇచ్చి ఇంటికి పోయారు. ప్రధాని ఉండగా బయటి దేశాలతో మాట్లాడటానికి ఇంకో మనిషి ఎందుకన్నది నాకే సరిగ్గా బోధపడలేదు. ఇక పిల్లలకేం చెప్తాను? దారిలో చదువుకుందామని పుస్తకం సంచిలో పడేసుకుని, అమ్మ వద్దంటున్నా ఒక్కదాన్నే బయలుదేరాను.

గుంటూరులో సాయంత్రం మీటరుగేజి బండి ఎక్కితే తెల్లారేసరికి గుంతకల్లు. అక్కడ బండి మారి అనంతపురం మీదుగా ధర్మవరం చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. మూడో తరగతి టికెట్టు పది రూపాయల లోపే. కిటికీ బయట ఎర్రమట్టి, రాతిగుండ్లు, ఎండిపోయిన వేరుశనగ చేలు. వానలు మొహం చాటేసిన ఏడది. నా చీర నేసే గంగప్పది కొత్తచెరువు రోడ్డులో ఒక చిన్న ఊరు. స్టేషను బయట దొరికిన జట్కా తోలే మస్తాన్‌ది కూడా ఆ ఊరేనట. అర్ధరూపాయికి ఒప్పుకున్నాడు.

చీర ఎందుకు ఆలస్యమైందో ఏమైనా తెలుసా అని అడిగాను.

"నీళ్ళు లేవమ్మా. మా బాయిలో ఉప్పునీళ్ళు, పట్టుకు రంగు పట్టదు. మీదూరోళ్ళ బాయిలో తియ్యనీళ్ళుండాయి. వాళ్ళతో మాట్లాడేది నేనే. మా నాయన కాలం నుంచి మా ఇంటోళ్ళదే ఆ పని. కిందూరోళ్ళతో అయితే ఓబులేసు మాట్లాడతాడు."

నేను నిటారుగా కూర్చున్నాను. సంచిలోని పుస్తకంలో ఉన్నది అచ్చం ఇదే. 1782కు ముందు లండన్‌లో విదేశాంగ కార్యదర్శి అంటూ ఒక్కడు లేడు. ఉత్తరం వైపు దేశాలతో మాట్లాడటానికి ఒకడు, దక్షిణం వైపు దేశాలతో మాట్లాడటానికి ఒకడు. ఈ సంగతి చెప్తే మస్తాన్‌కు భలే నచ్చింది.

"ఆ ఇద్దురూ కూసోని మాట్లాడుకునేవాళ్ళా?" అని అడిగాడు.

"అంతగా లేదు. ఒకరు చేసేది ఒక్కోసారి ఇంకొకరికి తెలిసేది కాదు."

"మాకూ అంతే. వాని పని వానిది, నా పని నాది. ఏం ఇబ్బంది లేదు" అన్నాడు ధీమాగా.

ఊళ్లోకి వెళ్లేసరికి ఊరందరి ఉమ్మడి వేరుశనగ కట్టె, అంటే పశువులకు మేతగా వేసే ఎండుతీగల వామి దగ్గర రెండు ఎద్దులబండ్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మస్తాన్ చెప్పిన మీదూరి, అంటే పైఊరి, బండి నీళ్లకు బదులుగా కట్టె తోలుకుపోవడానికి వచ్చింది, మస్తాన్ మాటిచ్చాడట. కింది ఊరి బండీ దానికే వచ్చింది, పశువుల్ని వాళ్ల బీడు పొలాల్లో మేపుకోనిచ్చినందుకు ఓబులేసు మాటిచ్చాడట. ఉన్నది ఒక్కటే వామి. పైఊరి మనిషి కట్టె లేకపోతే నీళ్లూ లేవని తెగేసి చెప్పాడు. గంగప్ప రంగు పడని పట్టుదారపు చిలపల చుట్టలు చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూడలేకపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. మాటకు మాట అడ్డం పడితే, వెనక మాటిచ్చినవాడు తన ఇంట్లోంచి సర్దాలి. ఎవరు వెనక అని పెద్ద రభసే జరిగింది. చివరికి మస్తాన్ తల దించుకుని, "నేనే వెనక. వాడు ఇచ్చినాడని నాకు తెలీదు" అన్నాడు. పైఊరి బండిని తన ఇంటి వైపు తిప్పించాడు. పెరట్లో ఉన్నదల్లా గుర్రానికి దాచిన గడ్డి.

గడ్డివామికి అడ్డంగా అతని భార్య ఖాసింబీ నిలబడింది. "ఏమయ్యా, మాటిచ్చేది నువ్వు, పస్తుండేది గుర్రమా?"

ఆమె నన్ను చూసి, ఈయమ్మ ఎవరని అడిగింది.

"పెండ్లికూతురు. చీర మన గంగప్ప నేస్తాండాడు" అన్నారెవరో.

ఆమె నన్ను కాసేపు చూసి పక్కకు జరిగింది. "తీసకపోండప్పా. అయితే ఒకటి. ఇంగమీదట మీరిద్దురూ యాడ మాటియ్యాలన్నా ముందు ఇంటికొచ్చి నన్నడగండి. ఈడ ఏముండాదో తెలీకుండా ఆడ దానాలు చేసేది ఈ పొద్దుతో సరి."

"నేనూ అడగాల్నా?" అన్నాడు బండి వెనకే వచ్చిన ఓబులేసు.

"ఏమప్పా, అడగకపోతే వచ్చే తూరి గడ్డి నీ ఇంట్లోంచి పోతాది."

లండన్‌లో ఇద్దరి పని ఒకరికి అప్పజెప్పడానికి ఏళ్లకేళ్లు పట్టింది. ఇక్కడ ఖాసింబీ ఒక్క మాటతో తేల్చేసింది. సాయంత్రానికి పైఊరి నుంచి నీళ్లొచ్చాయి. మర్నాడు పొద్దున బస్సెక్కి నేను ధర్మవరం తిరిగొచ్చాను.

విదేశాంగ మంత్రి బయట ఎంత గొప్పగా మాట్లాడినా, ఇంట్లో ఏముందో చూసుకోకపోతే ఆ మాటకు విలువ లేదని కాలేజీలో పాఠం చెప్పాను. పిల్లలు బాగా విన్నారు. చీర పెళ్లికి ముందురోజు వచ్చింది, గంగప్పే తెచ్చాడు. ఇంట్లో మేత లేక గుర్రాన్ని పామిడికి, పెన్న ఒడ్డునున్న ఖాసింబీ తమ్ముడి ఇంటికి తోలేశారని అప్పుడే తెలిసింది. మస్తాన్ కూలికి పోతున్నాడట. పీటల మీద కూర్చున్నంతసేపూ నాకు ఆ గుర్రమే కళ్లముందు మెదిలింది. పెళ్లికొడుకు ఎందుకలా ఉన్నావని రెండుసార్లు అడిగాడు కూడా.

మీరూ చీర చెప్పడానికి ఆ వైపు వెళ్తుంటే నాదొక సలహా. ఎప్పటికి వస్తుందని మగ్గం ముందు కూర్చున్నాయన్ని అడగకండి, లోపలికి వెళ్లి ఆ ఇంటావిడను అడగండి.