వీరమ్మ కన్ను

మఠంపల్లిలో అరిసెలు వండే రోజు ఇంటి తలుపు వేసుకుంటారు. ఎవరి కన్నైనా పడితే అరిసెలు నూనెలో విచ్చిపోతాయని భయం. ఆ వాడలో ఎవరి కన్నో అంటే అర్థం ఒకటే, వీరమ్మ కన్ను.

మొగుడు ఏసుపాదం చనిపోయిన ఏడాది, నిప్పు కోసమని ఒక ఇంటికి వెళ్లింది పాపం. ఆమె గడప తొక్కడమూ, బాణలిలో అరిసె ముక్కలు కావడమూ ఒకేసారి జరిగాయి. పాకం లేతదైతే అరిసె విచ్చిపోతుందని వండే ఆడదానికి తెలియదా? తెలుసు. అయినా చేతికి అందిన విధవరాలు ఉండగా పాకాన్ని ఎవరు తప్పుపడతారు! పిల్లాజెల్లా లేని మనిషి, అదేమని అడిగే దిక్కూ లేదు. అప్పటి నుంచి క్రిస్మస్ దగ్గరపడి బెల్లం వాసన వస్తే చాలు, వీరమ్మ ఇల్లు కదిలేది కాదు. నలుగురూ అనీ అనీ చివరికి ఆమే నమ్మింది. చంటిపిల్లలు ఎదురైతే తల దించుకుని పక్కకు తప్పుకునేది.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడు ఊరు మళ్లీ పండగకు తయారైంది. వీరమ్మకూ ఎందుకో ప్రాణం లాగింది. బియ్యం నానబోసి, దంచి, జల్లించి, పొయ్యి వెలిగించింది. తలుపు వేయబోయి ఆగింది. ఎవరు రాకూడదని తలుపు వేస్తారో ఆ మనిషి లోపలే ఉందాయె. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అయినా గడియ పెట్టింది.

ఒక చేత్తో పాకం కలుపుతూ మరో చేత్తో పిండి పోసింది. మొదటి అరిసెను నూనెలో వదిలి మొహం పక్కకు తిప్పుకుంది. మాడు వాసన తగిలేసరికి చూడక తప్పలేదు. అరిసె నల్లబడింది గానీ విచ్చలేదు. రెండోదాన్ని కళ్లారా చూస్తూ వేయించింది. ఎర్రగా, నిండుగా పొంగి తేలింది. మూడోదీ అంతే.

"నా కంట్ల ఏం లేదు దేవుడా!" అని పైకే అంది. వినడానికి ఎవరూ లేరు.

వంట అయ్యేసరికి తలుపు దబదబా మోగింది. పక్కింటి అచ్చమ్మ.

"పొద్దుగాల మా ఇంటి దిక్కు గిట్ట వచ్చినవా వీరక్కా? మావన్నీ నూనెల విచ్చిపోయినయ్."

"గడప దాటలే అచ్చమ్మా. సూడు, నేనే వండుకుంటున్న."

అచ్చమ్మ లోపలికొచ్చి చూసింది. ఒక అరిసెను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "రేపు అందరికీ పంచాలె. మా అత్త నన్ను సంపుతది. ఇవి నాకియ్యి అక్కా, ఎవలకు సెప్పకు" అంది.

వీరమ్మ తట్ట నింపి ఇచ్చేసింది. ఇన్నేళ్లకు ఒక మనిషి తన గడప తొక్కి ఇమ్మని అడిగితే ఎలా కాదంటుంది?

మర్నాడు క్రిస్మస్ ప్రార్థన అయ్యాక గుడి ముందర అచ్చమ్మ అరిసెలు పంచింది. వీరమ్మ చేతిలోనూ ఒకటి పెట్టింది. వాడలో పెద్దదైన పిచ్చమ్మ సగం కొరికి, "ఎంత మంచిగొచ్చినయే! వీరమ్మ నిన్న ఇల్లు కదలలే, అందుకే" అంది. అందరూ నవ్వారు.

వీరమ్మ తలెత్తి అచ్చమ్మ కళ్లలోకి సూటిగా చూసింది. అచ్చమ్మ నేలచూపులు చూసింది గానీ నోరు విప్పలేదు.

వీరమ్మ ఆ అరిసెను కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. తలుపు బార్లా తీసి, గడప మీద కూర్చుని, తన అరిసె తనే తింది. పొద్దుగూకే దాకా ఆ తలుపు వేయలేదు. ఎవరూ రాలేదు.