ఇరవై గ్రాముల శొంఠి

కొలవలేనిదంటూ లోకంలో ఏదీ లేదని, ఉన్నదల్లా కొలవడానికి బద్ధకించే మనుషులేనని ఆ రోజుల్లో నా దృఢ విశ్వాసం. కాగితపు మిల్లు ప్రయోగశాలలో నా ఉద్యోగమూ అదే: తడి గుజ్జును తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచి, తేమ ఎంతో తేల్చడం. దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి సంవత్సరాల్లో, కాకినాడ నుంచి ఏడాది ఒప్పందం మీద వచ్చి, డర్బన్ శివారు మెరీబ్యాంక్‌లో ఒక తెలుగు అవ్వ ఇంటి వెనక గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. అవ్వ తాత చెరకు తోటల కూలీగా ఓడ దిగినవాడు (ఆమె తెలుగులో సగం ఆయనది, మిగతా సగం డర్బన్ వీధులది). ఆ ఇంట్లో అల్లానికి సెలవు లేదు. అజీర్తికి ఉప్పద్దిన ముక్క, తలనొప్పికి నుదుట పట్టు, చుట్టూ ఉన్న చమురు శుద్ధి కర్మాగారాల పొగకు నన్ను పట్టిన దగ్గుకు కషాయం. ఎంత వేయాలని అడిగితే మాత్రం అవ్వ విసుక్కునేది.

“గ్రామ్ గీమ్ నాకు తెల్దు బాబూ. చూసి ఏసుకో.”

నా ఓర్పు నశించింది. వారం పాటు, ఆమె చూడకుండా, ఆమె తరిగిన అల్లాన్ని నా చిన్న తక్కెడలో తూచాను. సగటు ఇరవై గ్రాములు. చివరి రోజు దొరికిపోయాను. “అల్లం తూచేటోడికి పిల్లనెవుడిస్తాడు?” అని అవ్వ వీధి వీధంతా చెప్పింది.

ఒప్పందం ముగియవచ్చింది. ఉద్యోగం ఖాయమవుతుందో, కాకినాడ టిక్కెట్టు కొనుక్కోవాలో తేల్చే ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే నా గొంతు పూర్తిగా పూడుకుపోయింది. అవ్వ ఊళ్లో లేదు, దూరాన రైస్‌థార్ప్‌లో కూతురింట్లో ఉంది. వంటింట్లో అల్లం లేదు, డబ్బాలో శొంఠి పొడి ఉంది. ఎండినంత మాత్రాన అల్లం కాకుండా పోతుందా అనుకుని, కచ్చితంగా ఇరవై గ్రాములు తూచి, కప్పు నీళ్లలో మరిగించి తాగేశాను.

గొంతు తెరుచుకుంది, ఒప్పుకోవాలి. దాంతోపాటు చెమటలు, ఎక్కిళ్లు, కళ్ల వెంట ధార. ఆ అవతారంతోనే ఇంటర్వ్యూలో కూర్చున్నాను, ఎదురుగా ముగ్గురు. అందులో కార్మికుల తరఫున కొత్తగా కూర్చున్న జులూ ఫోర్‌మన్, నా పనిలో మనుషులు తరచుగా చేసే తప్పేమిటని అడిగాడు. తడి బరువునూ పొడి బరువునూ ఒకటిగా లెక్కగట్టడమని గంభీరంగా మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. పచ్చి అల్లంలో ఐదింట నాలుగు వంతులు నీరే. అంటే నేను తాగింది వంద గ్రాముల అల్లం.

“మీరెప్పుడైనా చేశారా ఆ తప్పు?”

“ఈ పొద్దునే సార్,” అన్నాను, ఎక్కిళ్ల మధ్య. మొత్తం చెప్పేశాను, భాగహారంతో సహా. ఫోర్‌మన్ నీళ్ల గ్లాసు నా వైపు జరిపి, తన నాయనమ్మ కూడా దగ్గుకు అల్లమే పెడుతుందనీ, ఆమె దగ్గర తక్కెడ లేకపోవడం తన అదృష్టమనీ అన్నాడు. ఉద్యోగం ఖాయమైంది. నా తప్పును నేనే లెక్కగట్టి చెప్పినందుకట.

“శొంఠి చిటికెడు చాలు, సచ్చినోడా,” అంది అవ్వ తిరిగొచ్చాక. “వాసన చూస్తే తెలవదా?”

అవ్వ ఇప్పుడు లేదు. ఆ తక్కెడ మాత్రం నా వంటింట్లోనే ఉంది. కషాయానికి ఇప్పటికీ ఇరవై గ్రాముల పచ్చి అల్లం తూస్తాను. ఆ తర్వాత, ఎవరూ చూడకుండా, వాసన చూసి, ఇంకో చిన్న ముక్క వేస్తాను.