ఊరి మీది నీళ్ళు

"మీ పెదనాయన పిలిస్తే పలకడంలేదురా, తొందరగా రా" అని తెల్లారకముందే పెద్దమ్మ ఫోన్ చేసింది. కలిగిరి నుంచి బస్సెక్కి నేను ఆత్మకూరు చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టేశారు. పిల్లలు లేరు. కొరివి నేనే పెట్టాను.

ఆయన మీకెవరికీ తెలియడు. రేవులో టగ్గు మీద పనిచేశాడు, అంటే పెద్ద ఓడలకు తాడు కట్టి ఒడ్డుకు లాగే పొట్టి పడవ మీద. రిటైరయ్యాక కూడా బర్రెకు ఓడముడే వేసేవాడు. అది విప్పలేక పెద్దమ్మ "ఇదేమన్నా ఓడనుకున్నావా, పాలు పిండేదా వద్దా?" అని అరిచేది. మమ్మల్ని ఏనాడూ ఒక దెబ్బ వేసినవాడు కాదు.

ఆయన పుట్టిన ఊరు సోమశిల డ్యాం నీళ్ళలో మునిగింది. మేమెవరైనా ఆ నీళ్ళను తిడితే ఒప్పుకునేవాడు కాదు. "నీళ్ళేం చేసినాయిరా? ఆపినోళ్ళను తిట్టు" అనేవాడు. ఎప్పటికైనా మునిగిన అమ్మవారి గుడి మీద పడవ ఆపి, పొంగలి పెట్టాలన్నదొక్కటే ఆయన కోరిక.

పోయినేడు సోమశిలలో షికారు పడవల సంబరం జరిగింది. డబ్బున్నవాళ్ళు సరదాకి చేయించుకున్న బోట్లు, అచ్చం టగ్గుల మాదిరే, లారీల మీద వచ్చాయి. ఎవరో ఒకరి బోటెక్కాలని పొంగలి చేయించుకుని, పెద్దమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని మరీ బయల్దేరాడు. ఒడ్డున వరసగా కట్టిన బోట్లను చూసి పడీపడీ నవ్వాడు.

"ఓడల్ని లాగేదానికి సోఫాలేందిరా! దున్నపోతుకి పట్టుపంచె కట్టినట్టుండాది."

ఆ మాట విన్న బోటాయన కూడా నవ్వేశాడు. "అయితే నువ్వే తోలు పెద్దాయనా. ఎక్కడికి పోదాం?"

"మా ఊరికి" అన్నాడు పెదనాయన.

చాలా దూరం పోయాక ఇంజను ఆపి, "ఇదే గుడి" అన్నాడు. పెద్దమ్మదీ ఆ ఊరే. "కాదు, కొండ మనకి ఎడమపక్క ఉండాల" అంది. ఇంకొంచెం పోనిచ్చాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. సగం మునిగిన కొండలు ఎవరి కొండలో అన్నట్టున్నాయి. చివరికి చుక్కాని వదిలేసి ఏడ్చాడు.

"ఎన్ని ఓడల్ని రేవుకి చేర్చినాను! నా ఊరు నాకు దొరకలేదురా."

పొంగలి ఎక్కడో నీళ్ళలో వదిలేసి వచ్చాం. ఆ తర్వాత ఆయన ఊరి మాట ఎత్తలేదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. అసలు పోకుండా ఉన్నా బాగుండేది. ఊరు అక్కడుందన్న నమ్మకమైనా మిగిలేది. దాన్ని కూడా ఆ నీళ్ళలోనే పోగొట్టుకుని వచ్చాడు, నా తండ్రి.

బూడిద ఆ మునిగిన ఊళ్ళోనే కలపాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఆడవాళ్ళు రాకూడదన్నా వినకుండా తనూ వచ్చింది. చేపలు పట్టే అబ్బాయి పడవ మాట్లాడుకున్నాం. నడినీళ్ళకు పోయాక అతను తెడ్డు ఆపాడు.

"యాడ ఆపమంటావన్నా?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నన్నడగొద్దురా."

"యాడన్నా ఆపు" అన్నాను.