అవ్వ పోసిన ఆముదం

సీతారామపురం నుంచి వస్తుంటే కొండ దారిలో ఎడ్లబండి తిరగబడింది. వెన్నుపూస విరిగింది. నెల్లూరు ఆసుపత్రిలో నెలల తరబడి పడి ఉన్నాక నన్ను బస్సులో ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి తెచ్చి అవ్వ ఇంట్లో దింపారు. కాళ్లు పోయాయని ఊరంతా జాలిపడింది. కాళ్ల సంగతి నేను తొందరగానే వదిలేశాను. నన్ను కుదురుగా ఉండనివ్వనిది కడుపు. దొడ్డికి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా తెలియదు. ముక్కు చెబితేనే తెలియాలి. మాట మధ్యలో ఆగి గాలి వాసన చూడటం నాకు అలవాటైపోయింది.

ఆసుపత్రి నర్సమ్మ పద్ధతి నేర్పి పంపింది. రోజూ ఒకే వేళకు వేడి కాఫీ తాగాలి. కాసేపాగి ఎడమ పక్కకు ఒత్తిగిల్లాలి. కడుపు నిమరాలి. చేతికి రబ్బరు తొడుగేసుకుని, కొబ్బరినూనె రాసుకుని, వేలు లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పాలి. అప్పుడు పేగు కదులుతుంది. ఆ పని అవ్వ చేసేది. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అవ్వే. ఒకపక్క నా పని చేస్తూనే ఇంకోపక్క ఎదురింటి బర్రె ఈనిన కబుర్లు మొదలుపెట్టేది.

"నేనిక్కడ సిగ్గుతో చస్తా ఉంటే నీ బర్రె గోలేంది అవ్వా!" అని అరిచేదాన్ని.

"నీ చిన్నప్పుడు చేసిన పనే గదమ్మే. అప్పుడు ఈ సిగ్గు యాడికి పోయిండె?" అనేది. నాకు ఒళ్లు మండేది. కానీ ఆ చెయ్యి లేకపోతే నాకు పొద్దు గడవదు.

దెబ్బ తగలకముందు నేను మా ఇంటి పక్క మిషన్ బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. హెడ్మాస్టరు ఒకరోజు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"మీ తరగతి ఇంకా ఖాళీగానే ఉండాది టీచరమ్మా. కూర్చోగలిగితే రండి. ఒక నెల చూస్తాను. కుదరకపోతే ఇంకొకర్ని పెట్టక తప్పదు" అన్నారు.

నెల! ఆ తరగతి పోతే నాకు మిగిలేది మంచం, దూలం మీద బల్లులు. వడ్రంగిని పిలిపించి పేము కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించమని ప్రాణం తీశాను. బడికెళ్లే ముందురోజు అవ్వను నిమిషం నిలవనివ్వలేదు. పలక తెమ్మన్నాను, చీర మార్చమన్నాను, మార్చిన చీర మళ్లీ మార్చమన్నాను.

మా ఇళ్లలో పరీక్షకైనా ప్రయాణానికైనా ముందు కడుపు శుభ్రం కావాలని ఆముదం పోసేవాళ్లు. అవ్వ దృష్టిలో ఆ బడికి మించిన పరీక్ష ఇంకొకటి లేదు. రాత్రి అల్లం కషాయం తెచ్చిచ్చింది.

"నూనె తేలతా ఉండాదేంది?"

"మిరియాలు నేతిలో ఏయించి ఏసినా. జలుబు చెయ్యకుండా, తాగు."

తాగాను. పొద్దున అన్నీ సక్రమంగా జరిగాయి. ఇంకేం, గట్టెక్కాననుకున్నాను. ఎనిమిదో ఎక్కం చెప్పిస్తుండగా ముందు వరసలో ఒక పిల్ల లంగా అంచు ముక్కుకు పెట్టుకుంది. గాలి వాసన చూశాను. వేపచెట్టు కింద నిలబడి ఎక్కాలు అప్పజెప్పుకోమని పిల్లల్ని బయటికి తరిమాను. హెడ్మాస్టరు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. ఆయన మొహం చూడగానే ఉద్యోగం పోయిందని అర్థమైంది.

ఎవరు చెప్పారో, అవ్వ పరిగెత్తుకుంటూ వచ్చింది. "తప్పు నాదయ్యా! రేత్రి బిడ్డకు ఆముదం పోసినాను."

"అదా సంగతి!" అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "ఆముదం తాగితే ఎవురికైనా అంతే గదా. మా అమ్మ నా పెళ్లికి ముందు పోసింది. చర్చిలో పాట పూర్తి కాకముందే నేను పరిగెత్తాల్సి వచ్చింది!"

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నేను మాత్రం ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. చేతికందిన ఆముదం సీసాను కిటికీలోంచి విసిరేస్తే బయట బండ మీద పడి ముక్కలైంది.

"ఇంకొకసారి ఈ ఇంట్లో ఆముదం కనపడితే బాయిలో దూకతా!"

"బాయి దాకా ఎట్ట పోతావమ్మే?" అంది అవ్వ. ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

ఆ తర్వాత పద్ధతి తప్పలేదు. అదే వేళ, అదే కాఫీ, అదే బర్రె. నేను మాత్రం గంట కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. పాఠం చెబుతూ పిల్లల మొహాల కంటే వాళ్ల ముక్కులే ఎక్కువ చూసేదాన్ని. నెల ఎప్పుడైపోతుందా అని ప్రాణం కొట్టుకునేది.

సరిగ్గా నెలాఖరులో మళ్లీ జరిగింది. కారణమంటూ ఏమీ లేదు. పొద్దున ఏ లోటూ జరగలేదు. అయినా జరిగింది. హెడ్మాస్టరు వచ్చారు. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు.

"మళ్లీ ఏమైంది టీచరమ్మా?"

నా ఒంటి తీరే ఇంత, రేపు కూడా జరగొచ్చు అని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో, ఎప్పుడొచ్చిందో, నా వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఆముదమయ్యా. ముసలిదాన్ని, బుద్ధి లేక మళ్లా పోసినాను."

ఆయనకు కోపం వచ్చింది. "ఒకసారి జరిగినా బుద్ధి రాలేదా నీకు? టీచరమ్మ బతుకు నువ్వే చెడగొడతావా?" అని పిల్లలందరి ముందూ అవ్వను కడిగేశారు. అవ్వ ఒకరి చేత మాట పడే మనిషి కాదు. ఊళ్లో ఎవరైనా ఒకటంటే పది అనేది. ఆ రోజు కొంగు నిండా కప్పుకుని తల వంచుకుని నిలబడింది. నేను నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక అడిగాను. "అబద్ధమెందుకు చెప్పినావు? ఇంట్లో చుక్క ఆముదం లేదు గదా."

అవ్వ దొడ్లో నా చీర జాడిస్తోంది. తలెత్తలేదు. "నా పేరు చెడితే ఏందమ్మే? నాకేమన్నా ఉద్యోగమియ్యాల్నా వాళ్లు?"

మూడో తరగతి నాకే ఇచ్చారు. బడి పిల్లలు అవ్వను ఆముదం అవ్వ అని పిలవడం మొదలుపెట్టారు, తర్వాత ఊరంతా అదే పేరు. చనిపోయేదాకా ఆమె ఆ పేరుకు పలుకుతూనే ఉంది.