అడిగే పోసినాను

మా సంస్కృత పాఠశాల అయ్యవారు పోయి ఈనాటికి పదమూడు దినాలు. తిరుపతి పెద్దాస్పత్రి గేటు కనపడేంత దూరంలో, రిక్షాలో, నా ఒళ్ళో తలపెట్టుకోని పోయినారు. బడివాళ్ళు ఆయన మింద పుస్తకం వేస్తా ఉండారు. నన్నూ ఒక పేజీ రాయమన్నారు. నేను గంట కొట్టేవాణ్ణి, గేటు కాపలావాణ్ణి. ముసలితనంలో నాకీ నాలుగక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. తప్పులుంటే దిద్దుకోండి, మాట మాత్రం మార్చద్దు.

ఆలస్యంగా వచ్చే పిల్లకాయలకు నేను గేటు తీయను. అందుకని యమకింకరుడని పేరు పెట్టినారు. ఒకనాడు ఒళ్ళు మండి నేరుగా అయ్యవారి గదికి పోయినాను.

"సామీ, ఆ మాటకు అర్థమేంది? తిట్టయితే ఒక్కొక్కడి చెవి మెలేస్తా."

ఆయన ముక్కుపొడి డబ్బా మూసినారు. "కిం అంటే ఏమి. కర అంటే చేసేవాడు. 'ఏం చేయమంటారు' అని అడిగి చేసే సేవకుడు కింకరుడు. యముడి దగ్గరుండేవాడైనా అంతే, తనంతట తాను ఏదీ చేయడు."

"నేనెవుర్నీ అడగను సామీ. టైముకు గంట కొడతా, టైముకు గేటు మూస్తా."

"అయితే పిల్లలదే తప్పు. ఆ పేరు రావాలంటే నువ్వింకా చాలా తగ్గాలప్పా!"

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది.

ఇంకోసారి భృత్యుడనే మాట చెప్పినారు. భరించవలసినవాడు, అంటే కూడుపెట్టి సాకవలసినవాడంట. "ఈ మాట మన మేనేజరుకు చెప్పండి సామీ" అంటే, పొడి డబ్బా చేతిలోంచి జారేటట్ల నవ్వినారు.

ఆయన తాగే నీళ్ళు ఇంటినుంచి ఆయన భార్య, అమ్మగారు, ఇత్తడి చెంబులో పంపేది. మడినీళ్ళు. పైన చిన్న లోటా బోర్లించి ఉండేది. పదారేండ్లు ఆ చెంబు చుట్టూ చిమ్మినాను, చెయ్యి తగలనీలేదు. ముట్టద్దని ఆయన ఒక్కనాడూ అనలా. అనిపించుకునేవాణ్ణి కాదు నేను.

ఆ మధ్యాన్నం ఆఖరి గంట కొట్టి ఆయన గదికి పోతే బల్ల పక్కన కూలబడి ఉండారు. వీధిలోకి ఉరికి రిక్షాను కేకేసి, మళ్ళా లోపలికొచ్చినాను. ఎడమ పక్క చచ్చుబడింది, మాట లేదు. కండ్లు చెంబు మిందనే ఉండాయి. ఇల్లు రెండు వీధులవతల. అమ్మగారిని పిలిచేంత టైము లేదు. ముడితే ఆయన మడి ఏమవుతుంది? ముట్టకపోతే ఆ గొంతు ఏమవుతుంది? ఎవుర్నీ అడగని నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది.

"ఏం చేయమంటారు సామీ?"

ఆయన నా దిక్కు చూసినారు. కుడి పక్క మూతి కదిలింది. నవ్వో, నొప్పో నాకు తెలీదు. ఏలు చెంబు దిక్కు చూపించింది. నోరు తెరిచినారు. పోసినాను.

అమ్మగారు ఆస్పత్రి కాడికి ఉరుక్కుంటా వచ్చి మొదట అడిగింది అదే. "దాహమన్నారా? ఎవరన్నా గొంతు తడిపినారా?"

నా చేతి నీళ్ళని తెలిస్తే ఆయమ్మ కుమిలిపోతుందని బయపడినాను. "లేదమ్మా" అనేసినాను. పుట్టి బుద్ధెరిగినాక నేను ఆడిన అబద్ధం అదొక్కటే. "దాహంతోనే పోయినారా" అని ఆయమ్మ గోడకు తల ఆనించుకునింది. ఈనాటికీ వచ్చినవాళ్ళందరితో అదే చెప్పుకోని ఏడుస్తా ఉండాది. నాకు ముద్ద దిగడంలా. చెప్తే ఆయన్ను నలుగురూ ఏమంటారో, చెప్పకుంటే ఆయమ్మ ఏమైపోతుందో. అడుగుదామంటే ఆయన లేరు.

అమ్మా, ఇది మీకు ఎవురో ఒకరు చదివి వినిపిస్తారు. ఆయన దాహంతో పోలేదు. మూడు గుక్కలు తాగినారు. అడిగే పోసినాను.

ఆ గదికి బీగం వేసి పెట్టినాను. చెంబు బల్ల కింద అట్లనే ఉండాది, లోటా బోర్లించి. ఇత్తడి మింద నా నాలుగు వేళ్ళ గుర్తులు నల్లగా తేలినాయి. తుడవమంటారా, వద్దంటారా?