వానకు నాగమణి చెప్పిన అర్థం

1988 జులై. బాపట్లలో ఓ ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. ఆరో తరగతిలో చేరి హాస్టల్లో ఉండాలంటే పిల్లలు ముందు ఓరల్ టెస్ట్ గట్టెక్కాలి. అంటే రోజూ వాడే మాటలకు చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో అర్థం చెప్పాలి. నైఫ్ అంటే కోసేది, బెడ్ అంటే పడుకునేది, అంతే. ఆ ముక్కలు రాసి పిల్లలకు ముందుగా పంచేది నేనే. అయితే వాటిలో అక్షరం అటూ ఇటూ అయినా హెడ్మిస్ట్రెస్ గారు ఒప్పుకోరు. ఈ విషయంలో ఆవిడతో వాదించడం నాకు మామూలే.

ఆ రోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. చీరాల దగ్గర్నుంచి ఓ చేనేత కార్మికుడు కూతురు నాగమణిని తీసుకొచ్చి వరండాలో నిలబడ్డాడు. వాళ్ల ఊళ్లో బడి అయిదో తరగతితో సరి. ఇక్కడ సీటు రాకపోతే ఆ పిల్ల ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండిపోవాల్సిందే.

పిల్ల ఒక్కతే లోపలికొచ్చి, మొదటి మాటలన్నిటికీ గడగడా చెప్పింది. అప్పుడు హెడ్మిస్ట్రెస్ గారు, "వాట్ ఈజ్ రెయిన్?" అన్నారు.

పిల్ల కిటికీ వైపు చూసి, "రెయిన్ మీన్స్ ఫాదర్ నో వర్క్" అంది.

"తప్పు" అన్నారావిడ. సీటు పోయినట్టేనని నాకు బెంగ పట్టుకుంది.

"అలాగన్నావేంటమ్మా?" అని అడిగాను.

"మాది గుంట మగ్గమండి. నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తాడండి. వానొస్తే అందులో నీళ్లూరతాయండి."

"మబ్బుల్లోంచి పడే నీళ్లని టీచర్ రాసిచ్చారుగా, చదవలేదా?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"అదీ వచ్చండి. మీరు రెయిన్ అంటే ఏంటన్నారు కదండి. మా ఇంట్లో ఇదేనండి."

"నేను రాసిన దానికంటే ఇదే నయం మేడమ్" అన్నాను. నా వంక గుర్రుగా చూశారు. తర్వాత తండ్రిని లోపలికి పిలిపించి, "మీ అమ్మాయికి సీటిస్తాం. అడ్మిషన్లు సోమవారం. మళ్లీ వచ్చి సంతకం పెట్టండి" అన్నారు.

అతను చేతులు కట్టుకుని, "ఇయ్యాలే చేర్చుకోండమ్మగారూ. వాన వెలిస్తే మగ్గం వదిలి రాలేనండి" అన్నాడు.

సోమవారం తప్ప ఇంకో రోజు ఎవర్నీ చేర్చుకోని మనిషి ఆవిడ. "ఆయన్ని కూర్చోబెట్టండి" అని నాతో చెప్పి, అడ్మిషన్ల రిజిస్టరు తనే తెచ్చి తెరిచారు. నా కళ్లు చెమర్చాయి.

అది మొదలు రిటైరయ్యేదాకా, ఏ మాటకైనా నా అర్థం చెప్పే ముందు, అది మీ ఇంట్లో ఏం చేస్తుందని పిల్లల్ని అడిగేదాన్ని.