దారాల బరువు

రాయపూర్‌లో పట్టుబడిన నేపాలీ వర్తకుల వెండి పట్టీలను కోర్టు కోసం తూచి జాబితా రాసింది నేనే: జతలు, కొలత, నాణ్యత, బరువు. ఏడాది తర్వాత, వెండి నాణ్యత పరీక్షించే మా ల్యాబ్‌లోనే పనిచేసే నా క్లాస్‌మేట్ మళ్లీ తూస్తే బరువు తగ్గింది. ఆ తేడా తేలేదాకా వెండి తిరిగి ఇవ్వొద్దంది కోర్టు.

అతను నా జాబితా చూసి నవ్వాడు. “అరే యార్, డజన్లుగా కట్టిన దారాలతో సహా తూచేశావా? ఇవి పట్టీలా, మల్లెదండలా?”

పట్టీల నుంచి విప్పి పక్కన పెట్టిన దారాలను విడిగా తూచి చూపించాడు. తేడా తేలిపోయింది. వెండి కోసం వచ్చిన వర్తకులు అతణ్ణి కౌగిలించుకుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అతని లెక్క తప్పితే వాళ్ల వెండి మళ్లీ ఆగిపోతుందని తెలిసి కూడా, అందరూ వెళ్లాక ఆ దారాలను మూడుసార్లు తూచాను. మూడుసార్లూ అతని లెక్కే వచ్చింది.